ఆర్వో పార్ట్ సంగీతం: సరళత వెనక ఉన్న కఠిన నియమం

ఎస్టోనియా సంగీతకర్త ఆర్వో పార్ట్ 1968లో రాసిన ‘క్రేడో’ను, 1976లో రాసిన ‘ఫ్యూర్ అలీనా’ను వెంటవెంటనే విన్నవారికి, ఈ రెండూ ఒకరే రాశారంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. మొదటిది పియానోకు, పెద్ద గాయక బృందానికి, నిండు ఆర్కెస్ట్రాకు రాసినది. అందులో పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ సంగీతకర్త బాఖ్ రాసిన ప్రెల్యూడ్ (చిన్న వాద్య రచన) ఒకటి వింటుండగానే ముక్కలై, కోలాహలంలో మునిగి, చివరకు మళ్లీ పైకి తేలుతుంది. రెండోది ఒంటరి పియానోకు రాసిన రెండు పేజీల రచన. అందులో తాళం గుర్తు లేదు, వేగం ఇంతని చెప్పలేదు, రెండు చేతులూ ఒక్కోసారి ఒక్కో స్వరం చొప్పున మాత్రమే పలికిస్తాయి. మధ్యలో ఉన్నది ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో ఏం జరిగిందన్న ప్రశ్నకు తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: ఆధునిక సంగీతపు జటిలతతో విసిగిపోయిన పార్ట్ మతంలో శాంతిని వెతుక్కుని, అందరికీ అర్థమయ్యే తేలిక సంగీతం వైపు మళ్లారని. ఇందులో సగమే నిజం. మతం వైపు మళ్లిన మాట వాస్తవమే కానీ, సంగీతం తేలికపడిందన్న మాట మాత్రం సరికాదు. పార్ట్ యవ్వనంలో నేర్చిన కఠిన నియమబద్ధతను ఎప్పుడూ వదులుకోలేదు. నియమం దేనిని శాసించాలన్న విషయంలో మాత్రమే ఆయన మనసు మార్చుకున్నారు. ఈ తేడా తెలియకపోతే ఆయన సంగీతం హాయిగొలిపే నేపథ్య శబ్దంగా మిగిలిపోతుంది.

పార్ట్ 1935 సెప్టెంబర్ 11న ఎస్టోనియాలోని పైడే పట్టణంలో పుట్టి, రాక్వెరేలో పెరిగారు. ఆయనకు ఐదేళ్లు నిండేలోపే సోవియట్ సైన్యం ఎస్టోనియాను ఆక్రమించింది. ఆ తర్వాత నాజీ జర్మనీ, మళ్లీ సోవియట్ యూనియన్ వచ్చాయి. ఇంట్లో ఉన్న పాత పియానోలో మధ్య స్థాయి మెట్లు పాడైపోవడంతో పిల్లవాడు పై స్వరాలతోనూ కింది స్వరాలతోనూ ఏదో ఒకటి చేసుకుంటూ ఉండేవాడని, ఊరి కూడలిలో లౌడ్‌స్పీకర్ నుంచి రేడియో కచేరీ వస్తుంటే దాన్ని వింటూ దాని చుట్టూ సైకిల్ మీద తిరిగేవాడని జీవితచరిత్రకారులు చెబుతారు. పాడైన పియానో వల్లే ఆయన తర్వాతి శైలి పుట్టిందని తేల్చేయడం మరీ సులువైన ముగింపు కనుక దాన్ని పక్కన పెట్టడమే మంచిది. ఆయన చెవికి అసలైన శిక్షణ దొరికినది రెండు చోట్ల. ఒకటి టాలిన్ కన్సర్వేటరీ; అక్కడ హైనో ఎల్లెర్ దగ్గర చదివి 1963లో పట్టా పుచ్చుకున్నారు. రెండోది ఎస్టోనియన్ రేడియో. 1958 నుంచి 1967 వరకు అక్కడ సౌండ్ ఇంజనీరుగా పనిచేశారు. ఒక శబ్దం ఎక్కడ మొదలై ఎలా సన్నగిల్లి ఎక్కడ ఆగుతుందో రోజంతా వినడమే వృత్తిగా గడిపిన ఆ ఏళ్లకు, ఆయన తర్వాతి సంగీతంలో మౌనానికి ఉన్న బరువుకు సంబంధం ఉందనే నేను నమ్ముతాను.

విద్యార్థిగా ఉండగానే, 1960లో, ఆయన రాసిన ‘నెక్రోలోగ్’ ఎస్టోనియాలో పన్నెండు స్వరాల పద్ధతిలో వచ్చిన మొదటి రచన. సీరియలిజం అని కూడా పిలిచే ఈ పద్ధతి ఆస్ట్రియా సంగీతకర్త షోన్‌బెర్గ్ రూపొందించినది. ఒక స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలనూ ఒక వరుసలో పేర్చుకుని, ఆ వరుస క్రమాన్ని తప్పకుండా రచన సాగించాలి. ఏ స్వరానికీ మూలస్వరమన్న పెద్దరికం ఉండదు. సోవియట్ సంగీతకర్తల సంఘానికి నాయకుడైన తిఖోన్ ఖ్రెన్నికోవ్ ఈ రచనను పాశ్చాత్య ప్రభావానికి లోబడినదని బహిరంగంగా తప్పుపట్టారు. అయినా 1962లో మాస్కోలో జరిగిన యువ సంగీతకర్తల పోటీలో పార్ట్‌కే మొదటి బహుమతి దక్కింది. అది పిల్లల కోసం రాసిన కాంటాటాకు, ఒక ఓరటోరియోకు ఇచ్చినది; రెండూ గాయకులకు, ఆర్కెస్ట్రాకు రాసే రచనలే. ఒక చేత్తో మందలింపు, మరో చేత్తో పతకం అందుకోవడం ఆనాటి సోవియట్ కళాకారులెందరికో అనుభవమే.

అరవైల నడుమ ఆయన కొలాజ్ పద్ధతి చేపట్టారు. తన సీరియల్ సంగీతం మధ్యలో బాఖ్ వంటి పాతకాలపు సంగీతాన్ని అతికించి, ఆ రెండు లోకాలూ ఢీకొనేటట్టు చేయడమే ఆ పద్ధతి. ‘బాఖ్ మీద కొలాజ్’, రెండో సింఫనీ, చెల్లో కోసం రాసిన ‘ప్రో ఎట్ కాంట్రా’ అన్నీ ఈ దారిలోనివే. దానికి పతాకస్థాయి ‘క్రేడో’. ఇందులో బాఖ్ సి మేజర్ ప్రెల్యూడ్ ప్రశాంతంగా మొదలవుతుంది. ఆ తర్వాత ఒక్కో పంచమాంతరం చొప్పున కొత్త స్వరాలు చేరుతూ, ఆ పేర్పు పన్నెండు స్వరాలకూ పాకి, గాయకులు ‘కంటికి కన్ను, పంటికి పన్ను’ అన్న మాటలను అరుపుగా మార్చే దాకా పోతుంది. దుష్టుణ్ణి ఎదిరించవద్దన్న క్రీస్తు మాట తర్వాత ప్రెల్యూడ్ తిరిగి వస్తుంది. 1968 నవంబర్ 16న కండక్టర్ నీమే యార్వీ టాలిన్‌లో దీన్ని వినిపించారు. సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వెళ్లి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. అధికారులకు ఇబ్బంది కలిగించినది ఇందులోని కర్ణకఠోరత కన్నా, యేసు క్రీస్తును నమ్ముతున్నానని లాటిన్‌లో గొంతెత్తి చెప్పిన పాఠం. రచన వేదికలకు దూరమైంది, రచయితకు అవకాశాలు సన్నగిల్లాయి.

ఈ ఘట్టాన్ని చాలామంది నిషేధపు కథగానే చెబుతారు. కానీ నిషేధం కన్నా లోతైన చిక్కు ఒకటి ‘క్రేడో’లోనే ఉంది. ఆ రచనలో అందంగా వినిపించేదంతా బాఖ్‌ది, కోలాహలమంతా పార్ట్‌ది. తాను చెప్పదలచిన శాంతిని చెప్పడానికి ఆయన దగ్గర సొంత సంగీతం లేదు; వేరొకరి సంగీతాన్ని అరువు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ అరువు ఇక కొనసాగించలేనని ఆయనకు తెలిసిపోయింది. అందుకే తర్వాతి ఎనిమిదేళ్లలో మూడో సింఫనీ తప్ప చెప్పుకోదగ్గ పెద్ద రచన బయటికి రాలేదు. బతుకుతెరువుకు చలనచిత్రాలకు సంగీతం కూర్చేవారు. మిగిలిన సమయమంతా మధ్యయుగపు చర్చిలో ఒంటి స్వరధారగా పాడే గ్రెగోరియన్ గానాన్ని, పారిస్‌లోని నోత్రదామ్ సంప్రదాయపు తొలి బహుగళ సంగీతాన్ని, పునరుజ్జీవన కాలపు గాయక రచనలను అక్షరాభ్యాసం చేసినట్టు నేర్చుకున్నారు. ఒక కీర్తన చదవడం, పుస్తకం మూసి వెంటనే ఒంటి గొంతుకు ఒక స్వరధార రాయడం, మళ్లీ మరో కీర్తన, ఇలా నోటుపుస్తకాలకు నోటుపుస్తకాలు నింపారు. 1972లో ఆర్థడాక్స్ చర్చిలో చేరారు. నోరాను వివాహమాడినదీ ఆ ఏడాదే. ఆయన ఆలోచనను పదునుగా మాటల్లో పెట్టగలిగిన మనిషి ఆమే.

ఒంటి స్వరధార రాయడం చేతికి వచ్చాక మిగిలిన ప్రశ్న ఒక్కటే: రెండో గొంతు ఏం పాడాలి? 1976 ఫిబ్రవరిలో ‘ఫ్యూర్ అలీనా’తో దొరికిన జవాబుకే ఆయన టిన్‌టినాబులి అని పేరు పెట్టారు, లాటిన్‌లో చిరుగంటలని అర్థం. అదే ఏడాది అక్టోబర్ 27న టాలిన్‌లోని ఎస్టోనియా కచేరీ హాలులో ఆండ్రెస్ ముస్తోనెన్ నడిపే హోర్టుస్ మ్యూజికుస్ బృందం ఈ శైలిలోని తొలి రచనలను వినిపించింది.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ఇందులో గొంతులు జంటలుగా నడుస్తాయి. మొదటి గొంతు మెలడీది. అది ఒక కేంద్ర స్వరం నుంచి బయలుదేరి గానీ, ఆ స్వరాన్ని చేరుకుంటూ గానీ, మెట్టు వెంట మెట్టుగా కదులుతుంది. రెండో గొంతు ట్రయాడ్‌ది, అంటే కలిసి మోగే మూడు స్వరాల గుచ్ఛానిది. అది మూలస్వరపు ట్రయాడ్‌లోని మూడు స్వరాలు తప్ప మరేదీ పలకదు. మొదటి గొంతులో ఒక స్వరం రాగానే, రెండో గొంతు ఆ మూడింటిలో ఏది పలకాలో ముందే నిర్ణయమై ఉంటుంది: మెలడీ స్వరానికి కింద అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది, లేదా పైన దగ్గరగా ఉన్నది, లేదా ఒక స్థానం వదిలి ఆ తర్వాతిది. రచన మొదట్లో ఈ ఎంపిక ఒకసారి జరిగితే, ఇక రెండో గొంతు దానంతట అదే పుట్టుకొస్తుంది.

పార్ట్‌కు ఇష్టమైన ఏ మైనర్‌ను మన స్వరాల్లోకి మార్చుకుంటే అది నటభైరవి. దాని ట్రయాడ్ స, గ, ప. పై షడ్జం నుంచి మెలడీ మెట్లు దిగుతూ వస్తోందని, రెండో గొంతు కింద దగ్గరగా ఉన్న ట్రయాడ్ స్వరాన్నే అందుకోవాలని నియమం పెట్టుకుందాం. మెలడీ ‘స’ అంటే రెండో గొంతు కింది ‘ప’ అంటుంది. మెలడీ ‘ని’కి దిగినా రెండో గొంతు ‘ప’ మీదే ఉంటుంది. ‘ధ’కు దిగినప్పుడు కూడా అదే ‘ప’. కానీ శుద్ధ ధైవతానికి, పంచమానికి నడుమ ఉన్నది అర్ధస్వరమే కనుక ఇక్కడ రెండు గొంతులూ ఒరుసుకుంటాయి. మెలడీ ‘ప’ చేరగానే రెండో గొంతు ‘గ’కు జారిపోతుంది, ఒరిపిడి విడిపోతుంది. ‘మ’ దగ్గర మళ్లీ చిన్న ఒరిపిడి, ‘గ’ దగ్గర మళ్లీ విడుపు, ‘రి’ దగ్గర ‘స’తో మరో ఒరిపిడి. ఒరిపిడి ఎక్కడ రావాలో, విడుపు ఎక్కడ రావాలో సంగీతకర్త ఒక్కొక్కటిగా ఎంచుకోలేదు. నియమం నుంచి అవే వచ్చాయి. పార్ట్ సంగీతంలో మనసును తాకేది కేవలం మాధుర్యమని అనుకునేవారు, ఆ మాధుర్యంలో ఇంత ఎక్కువగా ఉన్న ఘర్షణను గమనించరు. ట్రయాడ్ స్వరాలు నిలకడగా ఉండి, మెలడీ వాటికి దూరమవుతూ దగ్గరవుతూ ఉండడం వల్లనే వినేవారిలో అంత స్పందన కలుగుతుంది.

మెలడీ గొంతు తప్పులు చేస్తూ బాధపడుతూ తిరిగే మనిషిదని, ట్రయాడ్ గొంతు క్షమదని పార్ట్ వివరించారు. ఆ రెండూ రెండు కావని, ఒకటీ ఒకటీ కలిస్తే ఒకటేనని నోరా చెప్పిన సూత్రం ఇప్పుడు ఈ శైలికి మారుపేరైంది. ఈ వేదాంతాన్ని ఒప్పుకోనివారికి కూడా సూత్రంలోని సాంకేతిక సత్యం ఉపయోగపడుతుంది: రెండో గొంతు స్వతంత్రమైన మెలడీ కాదు, మెలడీకి వేసిన అలంకారమూ కాదు; మొదటి గొంతు ఉన్నందువల్లే అది ఉంది.

ఇక్కడ సీరియలిజంతో పోల్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. పన్నెండు స్వరాల పద్ధతిలో ముందే నిర్ణయమైన వరుస ఒకటి సంగీతకర్త ఇష్టాయిష్టాలకు అడ్డుకట్ట వేస్తుంది. టిన్‌టినాబులి కూడా అదే పని చేస్తుంది, పైగా మరింత నిక్కచ్చిగా. వచ్చిన మార్పల్లా, మూలస్వరం లేని లోకంలో పనిచేసిన నియమం ఇప్పుడు మూలస్వరమే కదలని పునాదిగా ఉన్న లోకంలో పనిచేయడమే. ‘నెక్రోలోగ్’ రాసిన చెయ్యే ‘ఫ్యూర్ అలీనా’ రాసిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ చిన్న రచనలో కూడా ఒక్కో ఖండంలో ఒక్కో స్వరం పెరుగుతూ పోయి, మళ్లీ ఒక్కొక్కటే తగ్గుతూ వస్తుంది. ప్రతి ఖండం చివర ఒక దీర్ఘస్వరం నిలుస్తుంది. ఎడమ చేయి ఒకే ఒక్కచోట ట్రయాడ్ దాటి సి షార్ప్ పలుకుతుంది. నియమం తప్పిన ఆ చోట పార్ట్ రాతప్రతిలో ఒక పువ్వు బొమ్మ వేశారు. తప్పడం కూడా గుర్తుపెట్టవలసినంత అరుదైన సంగతి అన్నమాట.

1977 ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైన ఏడాది. ‘ఫ్రాత్రెస్’, ‘టాబులా రాసా’, ‘సుమ్మా’, ‘మిస్సా సిలబికా’, ఇంగ్లండ్ సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్ స్మృతిలో రాసిన ‘కాంటుస్’ అన్నీ ఆ ఏడాదివే. వీటిలో ‘కాంటుస్’ నిర్మాణం చూస్తే నియమానికీ భావానికీ పార్ట్ దగ్గర వైరం లేదని స్పష్టంగా తెలుస్తుంది. బ్రిటెన్ 1976 డిసెంబర్ 4న మరణించారు; ఆయన సంగీతంలోని నిర్మలత్వాన్ని పార్ట్ అప్పుడే గుర్తించడం మొదలుపెట్టారు, కలుసుకునే అవకాశం లేకుండా పోయింది. ఈ శోకానికి ఆయన ఎన్నుకున్న సామగ్రి ఒక గంట, తంత్రీ వాద్యాల ఆర్కెస్ట్రా, పైనుంచి కిందికి దిగే ఒక ఏ మైనర్ స్కేలు, అంతే. మొదటి వయొలిన్లు పై షడ్జం పలికి ఆగుతాయి. మళ్లీ మొదటికి వచ్చి ఈసారి రెండు స్వరాలు దిగుతాయి. తర్వాత మూడు, నాలుగు, ఇలా ప్రతిసారీ ఒక మెట్టు అదనం. రెండో వయొలిన్లు అదే స్కేలును ఒక స్థాయి కింద, సగం వేగంతో అందుకుంటాయి. వయోలాలు అందులో సగం, చెల్లోలు అందులో సగం, డబుల్ బాసులు అందులోనూ సగం. కచేరీలో ఒకే పల్లవిని మూడు కాలాల్లో పాడడం మనకు తెలుసు. ఇక్కడ ఐదు కాలాలు ఒకేసారి నడుస్తాయి, మొదటిదానికి చివరిదానికి పదహారు రెట్ల తేడా. పై గొంతులు త్వరత్వరగా దిగుతుంటే అడుగు గొంతు కదులుతోందో లేదో తెలియదు. ఒక్కో గొంతు తన చివరి స్వరం చేరుకుని అక్కడే ఆగి నిలిచిపోతుంది, అన్నీ చేరాక ఏ మైనర్ ట్రయాడ్ మొత్తం బలంగా మోగుతుంది. ఆ క్షణంలో గంటను మెల్లగా కొడతారు. వాద్యాల హోరులో అది వినబడదు. వాద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోగానే గంట ధ్వనిలో సహజంగా ఉండే సి షార్ప్ ఉపస్వరం (ఓవర్‌టోన్) పైకి తేలి, అప్పటిదాకా మైనర్‌లో సాగిన రచన మేజర్ ఛాయతో ముగుస్తుంది. ఈ ముగింపు స్వరాన్ని ఏ వాద్యమూ వాయించలేదు. దాదాపు పదేళ్లు రేడియోలో శబ్దం సన్నగిల్లడాన్ని విన్న మనిషి మాత్రమే ఇది ఊహించగలడనిపిస్తుంది.

‘టాబులా రాసా’ పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. కండక్టర్ ఏరి క్లాస్, సోవియట్ సంగీతకర్త ఆల్ఫ్రెడ్ ష్నిట్కే రాసిన కాంచెర్టో గ్రోస్సోతో పాటు వినిపించడానికి అదే వాద్య సముదాయంతో ఒక రచన కావాలని అడిగితే పార్ట్ దీన్ని రాశారు. 1977 సెప్టెంబర్‌లో టాలిన్‌లో గిడోన్ క్రేమర్, తత్యానా గ్రిండెంకో వయొలిన్లు వాయించగా, ప్రిపేర్డ్ పియానో (తీగల మధ్య వస్తువులు అమర్చి ధ్వనిని మార్చిన పియానో) దగ్గర స్వయంగా ష్నిట్కే కూర్చున్నారు. రెండో భాగమైన ‘సిలెన్షియుం’ చివర డబుల్ బాస్ మెట్లు దిగుతూ వచ్చి మూలస్వరానికి ముందే ఆగుతుంది. తర్వాతి మౌనాన్ని కూడా పార్ట్ ఖండాలుగా కొలిచి రాశారు.

1980 జనవరిలో పార్ట్ కుటుంబం సోవియట్ యూనియన్ విడిచిపెట్టింది. ఇజ్రాయెల్ వీసాతో బయలుదేరిన వారు వియన్నాలో ఆగిపోయారు. అక్కడి యూనివర్సల్ ఎడిషన్ సంస్థ ఆయన రచనల ప్రచురణ చేపట్టింది. మరుసటి ఏడాది పశ్చిమ బెర్లిన్ చేరి దాదాపు మూడు దశాబ్దాలు అక్కడే ఉన్నారు. పశ్చిమ ఐరోపాలో ఆయన పేరు మోగినది 1984లో, ఈసీఎం సంస్థ అధిపతి మాన్‌ఫ్రెడ్ ఐకర్ ‘న్యూ సిరీస్’ను ‘టాబులా రాసా’ రికార్డుతో ప్రారంభించినప్పుడు. ఆ రికార్డులో ‘ఫ్రాత్రెస్’ను క్రేమర్‌తో కలిసి వాయించినది జాజ్ పియానిస్టు కీత్ జారెట్. దానితో శాస్త్రీయ సంగీతపు అలవాటు శ్రోతల పరిధిని దాటి ఆయన రచనలు కొత్త చెవులకు చేరాయి.

కీర్తితో పాటే ఒక ముద్ర కూడా పడింది. పోలండ్‌కు చెందిన గురెట్స్కీని, ఇంగ్లండ్‌కు చెందిన జాన్ టావెనర్‌ను, పార్ట్‌ను కలిపి ‘హోలీ మినిమలిస్టులు’, అంటే అతి తక్కువ సామగ్రితో భక్తి సంగీతం రాసేవారు, అనడం మొదలైంది. రికార్డుల దుకాణాలకు ఈ పేరు పనికివచ్చింది కానీ అవగాహనకు అడ్డే పడింది. అమెరికన్ మినిమలిస్టులైన స్టీవ్ రైఖ్, ఫిలిప్ గ్లాస్‌ల సంగీతం ఆగని లయ మీద, పునరావృత్తి మీద నిలుస్తుంది. పార్ట్ సంగీతం రెండు గొంతుల మధ్య సంబంధం మీద, అంతకన్నా ఎక్కువగా మాట మీద నిలుస్తుంది. 1982 నాటి ‘పాసియో’లో, అంటే యోహాను సువార్తలోని క్రీస్తు శ్రమల కథను లాటిన్‌లో పాడే సుమారు డెబ్బై నిమిషాల రచనలో, ఈ సంగతి బాగా కనిపిస్తుంది. ఒక మాటలో ఎన్ని అక్షరాలున్నాయన్నది మెలడీలో ఎన్ని స్వరాలుండాలో తేలుస్తుంది. కామా వచ్చిందా, పూర్ణవిరామం వచ్చిందా, ప్రశ్నార్థకం వచ్చిందా అన్నది ఏ అక్షరం ఎంతసేపు నిలవాలో, మౌనం ఎంత ఉండాలో తేలుస్తుంది. కొరడా దెబ్బల దగ్గర సంగీతం ఉద్రేకపడదు, ద్రోహం దగ్గర వణకదు. పాఠానికి ఇంతగా లోబడిన సంగీతం అంత తీవ్రంగా తాకడం ఆశ్చర్యమే అయినా, నా దృష్టిలో ఆయన శిఖర రచన ఇదే.

తర్వాతి రచనలన్నీ ఆ ఎత్తులో ఉన్నాయనలేను. ‘టే దేయుమ్’, ‘మిజెరేరే’, ఆర్థడాక్స్ ప్రార్థనా పాఠం మీద 1997లో పూర్తిచేసిన ‘కానోన్ పొకాయనెన్’ గొప్పవే. అయితే ఆర్కెస్ట్రా పెద్దదవుతూ నియమం సడలిన కొన్ని చోట్ల, ఒకప్పుడు నియమం నుంచి పుట్టిన భావాన్ని వాద్యాల వన్నెతో తెప్పించే ప్రయత్నం వినిపిస్తుంది. లోకం పట్టని సన్యాసిగా ఆయనను చిత్రించేవారు మాత్రం ఈ దశను సరిగా చూడాలి. రష్యా జర్నలిస్టు అన్నా పొలిట్‌కోవ్‌స్కయా హత్యకు నిరసనగా 2006–07లో తన రచనల ప్రదర్శనలన్నిటినీ ఆమె స్మృతికి అంకితం చేశారు. 2009లో ఎసా-పెక్కా సలోనెన్ లాస్ ఏంజెలెస్‌లో తొలిసారి వినిపించిన నాలుగో సింఫనీని, అప్పటికి రష్యా జైల్లో ఉన్న వ్యాపారవేత్త, ప్రభుత్వ విమర్శకుడు మిఖాయిల్ ఖొదొర్కోవ్‌స్కీకి అంకితమిచ్చారు. ‘క్రేడో’ రాసిన మనిషి ఎక్కడికీ పోలేదు.

2010లో ఆయన ఎస్టోనియాకు తిరిగి వచ్చారు. టాలిన్‌కు పశ్చిమాన సముద్ర తీరంలోని లౌలస్మాలో, పైన్ అడవి మధ్య ఆయన పేరిట ఏర్పడిన కేంద్రానికి 2018లో కొత్త భవనం వచ్చింది. ‘క్రేడో’ తర్వాతి మౌనపు ఏళ్ల నుంచి సాగిన సంగీత దినచర్య పుస్తకాలు అక్కడే భద్రంగా ఉన్నాయి. ఆ ఏడాది దాకా వరుసగా ఎనిమిదేళ్లు, జీవించి ఉన్న సంగీతకర్తల్లో ప్రపంచంలో అత్యధికంగా ప్రదర్శితమైనవి ఆయన రచనలేనని శాస్త్రీయ సంగీత కచేరీల వెబ్‌సైటు బాఖ్‌ట్రాక్ గణాంకాలు చూపాయి. 2023లో స్వీడన్ పోలార్ సంగీత పురస్కారం లభించింది.

ఇంతగా ప్రదర్శితమవుతున్న సంగీతాన్ని సరిగా వాయించడం, పాడడం మాత్రం కష్టం. వేళ్లకు పరీక్ష పెట్టే వేగం ఇందులో ఉండదు కనుక చాలా బృందాలు తేలికగా తీసుకుని దెబ్బతింటాయి. రెండు గొంతులే ఉన్నచోట శ్రుతిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా దాచుకోవడానికి చోటు లేదు. ధైవతం, పంచమం ఒరుసుకునే చోట గాయకుడు ఆ ఒరిపిడిని మెత్తబరచాలని చూస్తే విడుపుకు అర్థం పోతుంది. వణుకుతో, ఊగులాటతో భావం కలపబోతే రెండో గొంతు మొదటిదానికి అంటుకోకుండా విడిపోతుంది. ‘పాసియో’ను 1988లో రికార్డు చేసిన ఇంగ్లండ్ గాయక బృందం హిలియర్డ్ ఎన్‌సెంబుల్, ‘కానోన్ పొకాయనెన్’ను పాడిన తోను కాల్యుస్తే గాయక బృందం చేసి చూపినది ఈ నిగ్రహమే. ఆయన సంగీతం కొత్తగా వినేవారు ‘కాంటుస్’ను రెండుసార్లు వినడం మేలు. మొదటిసారి మామూలుగా వినాలి. రెండోసారి పరుగెత్తే వయొలిన్లను వదిలేసి డబుల్ బాసులను మాత్రమే పట్టుకుని, అవి ఒక్కో మెట్టు దిగడానికి ఎంతసేపు తీసుకుంటున్నాయో గమనిస్తూ వినాలి. ఐదు కాలాలను ముడివేసిన నియమం అప్పుడు చెవికే తెలిసిపోతుంది.